మూడో గది థర్మామీటరు

ఎనభై ఆరు వేసవి సెలవులకి గుంటూరులోని ఆ బాలికల హైస్కూలు మూసేటప్పుడు, సైన్సు ల్యాబులో ఉన్న చేపల తొట్టిని ఎవరు చూసుకోవాలన్న మాట వచ్చింది. ప్యూను సొంతూరికి పోతున్నాడు. హెడ్‌మిస్ట్రెస్ తిన్నగా సీతారత్నం వైపు చూసింది.

"జూన్‌లో తలుపులు తియ్యగానే పిల్లలు ముందు చేపల్నే అడుగుతారు. మీరైతే బతికించి తెస్తారు" అంది.

జీవశాస్త్రం చెప్పే సీతారత్నం కాదనలేకపోయింది. తొట్టిలో సగం నీళ్ళు తోడేసి, రిక్షాలో ఒళ్ళో పెట్టుకున్నట్టే పట్టుకుని బ్రాడీపేటలో తమ వాటాకి తెచ్చుకుంది. అయిదు గోల్డ్‌ఫిష్‌లు, నాలుగు నల్లచేపలు, రెక్కలు చాచుకుని రాణుల్లా తిరిగే రెండు ఏంజెల్ చేపలు. ముందు గదిలో ఎండ పడని గోడ చూసి బల్ల వేసింది.

ఇంట్లో ఉండేది ఇద్దరే. భర్త రాధాకృష్ణమూర్తి ఊరి బయట మిర్చి కోల్డ్ స్టోరేజిలో మేనేజరు. నెమ్మదైన మనిషి. ఆయన చొక్కాలు ఎన్నిసార్లు ఉతికినా మిరపకాయల ఘాటు పోయేది కాదు. పన్నెండేళ్ళ కాపురంలో ఆ ఘాటుకి సీతారత్నం ముక్కు అలవాటు పడిపోయింది.

గుంటూరు ఎండల సంగతి చెప్పక్కర్లేదు. పదకొండయ్యేసరికి తలుపులు, కిటికీలు మూసేసి వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లుకోవడమే. ఇల్లు పట్టపగలే చీకటి గుయ్యారంలా ఉంటుంది. ఆ చీకట్లో మూడోనాడు మధ్యాహ్నం చేపలన్నీ నీటి పైకి వచ్చి నోళ్ళు తెరుస్తూ కనబడ్డాయి. వేడెక్కిన నీళ్ళలో ప్రాణవాయువు నిలవదని ఆమె ఏటా క్లాసులో చెప్పే పాఠమే. కానీ ఎంత వేడెక్కింది? వేలు ముంచి చూస్తే తేలే లెక్క కాదది. స్కూలు థర్మామీటరు సంక్రాంతికి ముందే పగిలిపోయింది.

సాయంత్రం లాలాపేటలో చేపలమ్మే జాన్ బాషా కొట్టుకి వెళ్ళింది.

"టీచరుగారూ, కొంపదీసి జ్వరం చూసే థర్మామీటరు పెట్టేరు!" అన్నాడు జాన్ బాషా వినగానే. "ఒకాయన అదే పని చేశాడు. అది ఎక్కడమే గానీ దులిపితే తప్ప దిగదు. పైగా పాదరసం. పగిలిందా, తొట్టి మీద ఆశ వదులుకోవాల్సిందే. ఎర్ర రసం ఉన్నది వాడండి. అంకెలు నీళ్ళలోంచి కూడా కనబడాలి. పెట్టేముందు ఐసు నీళ్ళలో ముంచండి. సున్నా చూపిస్తేనే నమ్మండి."

"ఒకటివ్వండి అయితే."

"మద్రాసు నుంచి సరుకు రావాలి. పది రోజులు పట్టొచ్చు. ఈలోగా వేడిగా ఉంది కదా అని ఐసుగడ్డ మాత్రం వెయ్యకండి. రెండు డిగ్రీలు ఒక్కసారిగా మారితే గుడ్లు తేలేస్తాయి. కుండలో నీళ్ళు రాత్రంతా నిలవబెట్టి, గ్లాసు తర్వాత గ్లాసు పొయ్యండి. పైన ఫ్యాను తిరగనివ్వండి."

చెప్పినట్టే చేసింది. కానీ కొలత లేకుండా పొయ్యడం కళ్ళకి గంతలు కట్టుకుని నడిచినట్టే ఉంది. మర్నాడు భర్త గుడ్డసంచీ ఉతుకుదామని బోర్లించింది. అడుగున తువ్వాల్లో చుట్టి ఏదో గట్టిగా తగిలింది. విప్పితే థర్మామీటరు! అడుగుకి పైన పొడుగు. సగం దాకా ఇత్తడి తొడుగు. ఎర్ర రసం, స్పష్టమైన అంకెలు. ఇత్తడి మీద మేకుతో గీసినట్టు '3' అని ఉంది.

వెతకబోయిన తీగ కాలికి తగిలిందని మురిసిపోయింది. ఎదురింటివాళ్ళ ఫ్రిజ్‌లోంచి ఐసు తెచ్చి ముంచింది. సరిగ్గా సున్నా. చంకలో పెట్టుకుంది. ముప్పై ఆరు. తొట్టి మూలకి దారంతో కట్టి వేలాడదీసింది. ముప్పై ఒకటి దగ్గర నిలబడింది.

సాయంత్రం రాధాకృష్ణమూర్తి చెప్పులు విప్పుతూ తొట్టివైపు చూశాడు. ఒక చెప్పు కాలికుండగానే ఆగిపోయాడు.

"అదెక్కడ దొరికింది నీకు?"

"మీ సంచీలోనేనండీ. అడుగుదామనే అనుకున్నా."

"తీసెయ్ రత్నం. అది పాడైపోయింది. తప్పు చూపిస్తుంది."

"ఐసులో సున్నా చూపించింది. భేషుగ్గా ఉంది. పాడైందాన్ని తువ్వాల్లో చుట్టి దాచుకోవడమేంటి?"

ఆయన రెండో చెప్పు విప్పాడు. పెరట్లోకి వెళ్ళి పంపు కింద చేతులు కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. సీతారత్నం వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉంది. శ్రీరామనవమి నుంచీ ఈయన వరస వేరుగా ఉంది. కుండనీళ్ళు ముట్టడు, కాచిన నీళ్ళే తాగుతాడు. వైశాఖమాసపు ఉక్కలో మెడ దాకా దుప్పటి లాక్కుంటాడు. అడిగితే ఒంట్లో నలతంటాడు. ఇన్నాళ్ళూ నిజమే అనుకుంది.

మర్నాడు మధ్యాహ్నం రెండున్నరకి కరెంటు పోయింది. ఫ్యాను ఆగేసరికి మెలకువ వచ్చింది. చేపలకి గాలి తగ్గుతుందని లేచి, లాంతరు వెలిగించి తొట్టి దగ్గరికి వచ్చింది. గోడ గడియారం మూడుకి పావు తక్కువ.

ముప్పై ఒకటి.

చూస్తుండగానే ఎర్రగీత కదిలింది. ముప్పై మూడు. ముప్పై అయిదు. ముప్పై ఏడు దగ్గర నిలిచింది. అంత వేడికి గోల్డ్‌ఫిష్ ఒక్కటీ మిగలదు. గబుక్కున వేలు ముంచింది. నీళ్ళు ఎప్పటిలాగే గోరువెచ్చగా ఉన్నాయి.

గీత దిగడం మొదలుపెట్టింది. తొందర లేకుండా... ముప్పై... ఇరవై అయిదు... పద్దెనిమిది... పది. నాలుగు దగ్గర ఆగింది. ఇంక కదల్లేదు.

బయట నలభై నాలుగు డిగ్రీల ఎండ. థర్మామీటరు వేలాడే మూల తొట్టి అద్దం బయటివైపు అరచేయంత మేర మంచు పట్టినట్టు తెల్లబడింది. చేపలన్నీ ఎదుటి మూలకి పోయి ఒకదాని మీద ఒకటి పడి నక్కి ఉన్నాయి. సీతారత్నం ముఖం దగ్గరగా పెట్టింది. నీచువాసన కాదు. తడిసిన గోనెసంచుల వాసన. చల్లబడ్డ మిరపకాయల వాసన. దాని వెనకాల ముక్కుపుటాలు కోసే అమ్మోనియా.

నాలుగుంపావుకి గీత మెల్లగా పైకి పాకి ముప్పై ఒకటికి చేరింది. ఏమీ జరగనట్టు చేపలు విడివడి తిరగసాగాయి.

ఆమె భయపడే రకం కాదు. మరోసారి ఐసులో పెట్టి చూసింది. సున్నా. చంకలో పెట్టుకుంది. ముప్పై ఆరు. వంకపెట్టడానికి లేదు. రెండోరోజు క్యాలెండరు కాగితం చింపి, వెనకవైపు పది నిమిషాలకొకసారి అంకె రాసుకుంది. అదే వేళ. అదే ఎక్కడం. అదే దిగడం. మూడోరోజు ఏంజెల్ చేప ఒకటి ఆ మూలకి పొరపాటున పోయి ఇవతలకి రాలేకపోయింది. గరిటెతో తీసి అరచేతిలో వేసుకుంటే చెయ్యి జివ్వుమంది. ఆ చిన్న ఒళ్ళు కట్టెలా బిగుసుకుని, ఐసుఫ్రూటంత చల్లగా ఉంది.

ఆ సంగతి భర్తకి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తనకే తెలీదు. చెబితే ఆయన ముఖం ఎలా మారుతుందో చూడాలంటే బెరుకు.

నాలుగోరోజు పొద్దున ఒకామె గేటు పట్టుకుని నిలబడింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. కాళ్ళు మోకాళ్ళ దాకా దుమ్ముకొట్టుకుపోయి ఉన్నాయి.

"మేనేజరయ్య గారిల్లు ఇదేనా అమ్మా?"

"ఆయన పనికి వెళ్ళారు. ఎవరు నువ్వు?"

"రాఘవమ్మంటారమ్మా. పొదిలి కాడ మాది. బస్సు దిగి పడమటి డొంకమ్మట పోతే వచ్చే మొదటి పల్లె. మా ఆయన చెంచురామయ్య మీ అయ్యగారి కాడ బస్తాలు మోసేదానికొచ్చాడు. నవమికి ఇంటికొస్తానన్నాడు. రాలేదు. నెల కావస్తంది."

"అక్కడ అడిగావా?"

"ఐదుసార్లు తిరిగానమ్మా. పని మానేసి పోయాడంటారు. యాడికి పోతాడు? ఆయన చొక్కా, చెప్పులు ఆడనే చెట్టు కింద ఉండె. చొక్కా లేకుండా ఊరికి పోతాడా?" గొంతు గట్టిగానే ఉంది. ఏడుపు ఎప్పుడో అయిపోయిన గొంతు. "అన్నాలు తిన్నాక చల్లగా ఉంటదని మూడో గదిలో బస్తాల ఎనక కునుకు తీస్తాడంట. కూడా మోసేవోళ్ళు చెప్పారు. నవమికి ముందునాడు లోపలికి పోవడం చూశారంట. బయటికి రావడం ఎవురూ చూళ్ళేదంట."

సీతారత్నం మజ్జిగ ఇచ్చింది. రాఘవమ్మ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, అయ్యగారికి చెప్పమని మరీమరీ చెప్పి వెళ్ళింది.

రాత్రి భోజనాల దగ్గర సీతారత్నం మామూలుగా అడిగినట్టే అడిగింది.

"చెంచురామయ్యని ఎవరో ఉన్నాడటగా మీ దగ్గర. వాళ్ళావిడ వచ్చింది. నవమి ముందురోజు నుంచీ కనబడ్డం లేదట."

"తాగుబోతు వెధవ. ఎటో పోయుంటాడు" అన్నాడాయన అన్నం కలుపుతూ. కలిపిందే కలుపుతున్నాడు. "అయినా మూడింటప్పుడు నేను అక్కడ లేనే లేను. యజమానితో మాట్లాడుతున్నా."

సీతారత్నం చెయ్యి గరిటె మీదే ఆగిపోయింది. మూడింటి మాట తను ఎత్తనే లేదు.

ఆ రాత్రంతా పక్కన పడుకున్న మనిషి ఊపిరి వింటూ గడిపింది. పన్నెండేళ్ళుగా ఎరిగిన మనిషి. చీమని తొక్కితే కాలు వెనక్కి తీసుకునే మనిషి. ఈయన ఏం చేసుంటాడు?

శనివారం జాన్ బాషా కొత్త థర్మామీటరు పంపాడు. రెండూ ఒకే దారానికి పక్కపక్కనే కట్టింది. మూడుకి పావు తక్కువకి కొత్తది ముప్పై ఒకటి దగ్గర కదలకుండా ఉంది. పాతది ఎక్కింది. ముప్పై ఏడు. వేలెడు దూరంలో ఒకే నీళ్ళు, రెండు లెక్కలు.

ముప్పై ఏడు. అప్పుడు తట్టింది ఆమెకి. ఏటా పదో తరగతి పిల్లలచేత వల్లె వేయించే అంకె అది. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒంటి వేడి. క్యాలెండరు కాగితం తీసి చూసింది. ముప్పై ఏడు, ముప్పై, ఇరవై అయిదు, పద్దెనిమిది, పది, నాలుగు. నీళ్ళ వేడి కాదది. ఎవరో చల్లబడుతున్నారు.

ఆదివారం రాధాకృష్ణమూర్తి ఇంట్లోనే ఉన్నాడు. రెండింటికల్లా పడమట ఆకాశం ఎర్రమట్టి రంగు తిరిగింది. గాలిదుమ్ము లేచింది. తడికలు టపటపా కొట్టుకున్నాయి. కరెంటు పోయింది. ఇల్లు చిమ్మచీకటి.

సీతారత్నం లాంతరు తెచ్చి తొట్టి పక్కన పెట్టింది. కుర్చీ లాగింది.

"ఇలా వచ్చి కూర్చోండి."

"ఏంటిది రత్నం?"

"ఒక గంట కూర్చోండి. ఇన్నేళ్ళలో మిమ్మల్ని ఏమీ అడగలేదు నేను."

ఆయన కూర్చున్నాడు. గడియారం టిక్కుటిక్కుమంటోంది. మూడుకి పావు తక్కువ. గీత కదిలింది. ఆయన కళ్ళు దాని మీంచి మళ్ళలేదు. ముప్పై నాలుగు దాటగానే గభాలున లేచాడు.

"చెప్పానా, ఇది పాడైందని! తీసి పారేస్తాను."

చెయ్యి పెట్టి ఇత్తడి తొడుగు పట్టుకుని పైకి లాగాడు.

రాలేదు.

దారం తెగింది. కొత్త థర్మామీటరు జారి తొట్టి అడుగున పడింది. పాతది మాత్రం కదల్లేదు. అది దేనికీ కట్టి లేదు. చుట్టూ నీళ్ళు తప్ప ఏమీ లేవు. ఆయన రెండో చెయ్యి కూడా వేశాడు. లాగాడు. అవతలివైపు నుంచి ఎవరో పట్టుకున్నట్టు... అది కిందకి గుంజుకుంది. మణికట్ల దాకా నీళ్ళలోకి పోయాయి ఆయన చేతులు.

టక్... టక్... టక్.

అద్దం మీద. లోపల్నించి.

"అప్పుడూ ఇంతే" అన్నాడాయన. గొంతు గుసగుసలా ఉంది. "అప్పుడూ ఇట్లాగే పట్టుకున్నాడు."

"ఎవరండీ?"

"తలుపుకి చిన్న రంధ్రం ఉంటుంది రత్నం. దీని బల్బు గది లోపలికి ఉంటుంది. అంకెలు బయటికి. మూడు రోజులు సెలవని పావు తక్కువ మూడుకి తాళం వేశా. ఒక కేక వేశా... ఎవరూ పలకలేదు. నిద్రపోతున్నాడని నాకేం తెలుసు? పది నిమిషాలకి చూస్తే ఇది ఎక్కిపోతోంది. నాలుగుండాల్సిన చోట ముప్పై నాలుగు... మిషను బాగానే తిరుగుతోంది. థర్మామీటరు పాడైందనుకున్నా."

"అతను లోపల..."

"వేడి పెరిగితే పరిగెత్తుకొస్తామని వాడికి తెలుసు. ఎన్నోసార్లు చూశాడు. బల్బుని గుప్పిట్లో పట్టుకున్నాడు. తలుపు అంత మందం. అరిస్తే వినబడదు. అందుకని పట్టుకున్నాడు." కన్నీళ్ళు తొట్టిలో పడుతున్నాయి. "నేను కొత్తది పెడదామని దీన్ని లాగా. రాలేదు. గట్టిగా లాగా. ఊడొచ్చింది. చూస్తే... వెచ్చగా ఉంది. మనిషి చెయ్యంత వెచ్చగా. నాకు తెలిసిపోయింది రత్నం. ఆ క్షణానే తెలిసిపోయింది."

"మరి తలుపు తియ్యలేదే?"

ఆయన నుదురు తొట్టి అంచుకి ఆనించాడు.

"తాళానికి సీలు వేశాక తీస్తే యజమానికి నచ్చదు. లోపల చూడకుండా తాళం ఎవరు వెయ్యమన్నారంటాడు. కాదనుకున్నా. మనిషి కాదు, మిషను వేడి అనుకున్నా. అనుకుని, సైకిలెక్కి ఇంటికొచ్చేశా. సోమవారం తీశాం. చెయ్యి ఇంకా ఆ రంధ్రం దగ్గరే ఉంది. యజమాని రాత్రికి రాత్రే శవాన్ని లారీలో కొత్తపట్నం వైపు, సముద్రానికి పంపించేశాడు."

ఆమె థర్మామీటరు వైపు చూసింది. ముప్పై నాలుగు దగ్గర ఆయన దాన్ని ఊడబెరుక్కున్నాడు. ఆ తర్వాత గదిలో ఏం జరిగిందో చూసినవాళ్ళు లేరు. రోజూ అదే చూపిస్తోంది. ఆమె చూస్తుండగానే గీత దిగుతోంది. ఇరవై... పన్నెండు... ఆయన పెదాలు నీలంగా మారుతున్నాయి.

"రాఘవమ్మకి చెబుతామని చెప్పండి!" అని అరిచింది సీతారత్నం. "ఒట్టేసి చెప్పండి!"

"చెబుతా... చెబుతా నాయనా..." అన్నాడు ఆయన, తొట్టిలోకి వంగి. ఆమెతో కాదు.

పట్టు వదిలింది.

ఆయన వెనక్కి విరుచుకుపడ్డాడు. తడిసిన చేతుల్లో థర్మామీటరు ఉంది. గాజు ఎక్కడా పగల్లేదు. లోపల ఎర్ర రసం మాత్రం లేదు. బొట్టు కూడా లేదు. తొట్టిలో చేపలు నాలుగు మూలలకీ విడిపోయి హాయిగా తిరుగుతున్నాయి. బయట పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి.

తెల్లారితే మాట మారింది. సోమవారం ఉద్యోగం పోతుందన్నాడు. మంగళవారం జైలన్నాడు. బుధవారం, నీకేం తెలుసు, యజమాని మనల్ని బతకనివ్వడన్నాడు. సీతారత్నం వాదించలేదు. గురువారం వేకువనే తయారై గుమ్మంలో నిలబడింది.

"మీరు రాకపోతే నేనొక్కదాన్నే వెళ్తాను. అక్కణ్ణుంచి తిన్నగా పోలీసు స్టేషనుకి."

ఆయన చొక్కా తొడుక్కుని వెనకే నడిచాడు.

పొదిలిలో బస్సు దిగేసరికి పదకొండు దాటింది. పడమటి డొంక. రెండువైపులా కంది మోళ్ళు, ఎర్రటి బీళ్ళు, తుమ్మచెట్ల నీడ కూడా మాడిపోతున్న ఎండ. మొదటి పల్లెలో అడిగితే ఈ చివరి ఇల్లే అని చూపించి ఆ మనిషి గబగబా లోపలికి పోయి తలుపేసుకున్నాడు. నడిమి గుంజ మీద నిలబడ్డ నిట్రాడు ఇల్లు. తాటాకు కప్పు, తడిక గోడలు. ఇంటి ముందు ఎండలోనే మూడు రాళ్ళ పొయ్యి. పెద్ద కాగులో నీళ్ళు తెర్లుతున్నాయి. రాఘవమ్మ పొయ్యిలోకి పత్తికట్టె ఎగదోస్తోంది. వీళ్ళని చూసి లేవలేదు.

రాధాకృష్ణమూర్తి ఎండలో నిలబడే అంతా చెప్పాడు. తాళం, థర్మామీటరు, లారీ... ఏదీ దాచలేదు. ఆమె మధ్యలో ఒక్క మాట అడగలేదు. పుల్ల తర్వాత పుల్ల పొయ్యిలోకి తోస్తూనే ఉంది.

"తెలుసయ్యా" అంది చివరికి.

"ఎవరు చెప్పారు?"

"ఆయనే."

సీతారత్నానికి అర్థం కాలేదు. "ఏ ఆయనమ్మా?"

"మా ఆయనేనమ్మా. ఆదివారం గాలివాన వచ్చిందే, ఆ మాపటేళ వచ్చాడు."

"అది కాదమ్మా..." రాధాకృష్ణమూర్తి ఒకడుగు ముందుకేశాడు. "నేను నా కళ్ళతో చూశాను. అతను..."

"నాకు తెలీదా అయ్యా? ముట్టుకుంటే తెలీదా?" రాఘవమ్మ మొదటిసారి తలెత్తి చూసింది. "అయినా ఇంటికొచ్చాడు. పొమ్మనమంటారా?"

పత్తికట్టె చిటపటమంది. ఇంటి తలుపు ఓరగా ఉంది. లోపల చీకట్లో, గోడకి ఆనించి బొంతలు పోగేసి ఉన్నాయి. నాలుగో, అయిదో. పోగు పైభాగం కొంచెం వంగి ఉంది. మనిషి మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుంటే ఎలా ఉంటుందో అలాగ.

"ఊళ్ళో వాళ్ళ బొంతలు కూడా అడిగి తెచ్చి కప్పా" అంది రాఘవమ్మ. "పొద్దస్తమానం నీళ్ళు కాచి పోస్తన్నా. వెచ్చబట్టంలేదు. మేనేజరయ్య వస్తాడు, చెయ్యి ఇమ్మని చెప్పు అంటన్నాడు. కాసేపేనంట."

"వద్దండీ." సీతారత్నం భర్త చొక్కా పట్టుకుంది. "పదండి. పోదాం పదండి."

ఆయన ఆమె వైపు తిరిగాడు. నెల రోజుల తర్వాత ఆ ముఖంలో బెదురు లేదు. ఆమె వేళ్ళు ఒక్కొక్కటిగా విడదీశాడు. గుమ్మం ముందు చెప్పులు విడిచి, చూరు తగలకుండా తల వంచి లోపలికి వెళ్ళాడు.

తలుపు మూసుకుంది. లోపల గొళ్ళెం పడింది.

ఇద్దరు ఆడవాళ్ళూ బయట మిగిలారు. సీతారత్నం తలుపు బాదింది. పిలిచింది. జవాబు లేదు. అరుపు లేదు. పెనుగులాట లేదు. పల్లెలో కుక్క కూడా మొరగలేదు.

కాసేపటికి... తడిక సందుల్లోంచి తెల్లటి ఆవిరి బయటికొచ్చింది. పుష్యమాసం తెల్లారుజామున నోట్లోంచి వచ్చే ఆవిరిలాంటిది. ఆ మండుటెండలో. ఒకసారి వచ్చింది. ఆగింది. మళ్ళీ వచ్చింది. ఊపిరి. సీతారత్నం ఆగిపోయి, రెండో ఊపిరి కోసం చూసింది. లోపల ఇద్దరున్నారు కదా. చాలాసేపు చూసింది. వస్తున్నది ఒకటే.

అది కూడా పలచబడి, పలచబడి, కనబడకుండా పోయింది.

రాఘవమ్మ పొయ్యిలోంచి మండే పుల్లలు ఇవతలికి లాగింది. ఇసకలో గుచ్చి ఆర్పింది. కాగు మీద మూత పెట్టింది.

"ఇంక నీళ్ళక్కర్లేదమ్మా" అంది, చేతులు కొంగుకి తుడుచుకుంటూ. "వెచ్చబడినట్టుండాడు."

లోపల గొళ్ళెం తీస్తున్న చప్పుడైంది. తలుపు వైపు అడుగులు వస్తున్నాయి. ఒక్కరివే.